సేవ్ అయిందంటుంది, రెండ్రోజులకు ఉండదు

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ బయట చేయించి ఇస్తాను. మా అబ్బాయి కొత్త ఫోన్ కొనుక్కుని వాడి పాత ఫోన్ నాకిచ్చి నాలుగు నెలలైంది. నా సిమ్‌లో ఉన్న పాత నంబర్లకు ఏమీ కాలేదు కానీ, కొత్తగా ఎక్కించినవి నిలవడం లేదు. సేవ్ కొట్టగానే సేవ్ అయిందని వస్తుంది, పేరు కూడా కనిపిస్తుంది, రెండు మూడు రోజులు పోయాక వెతికితే ఉండదు. మొన్న ఒకావిడ ఫోన్ చేస్తే ఎవరండీ అన్నాను. సోమవారమే కదా కొలతలిచ్చి వెళ్లాను అని నొచ్చుకుంది. మా అబ్బాయి కొండాపూర్‌లో ఉంటాడు. వాడికి చెబితే, నా ఫోన్లో కూడా ఏదో తేడాగా ఉందమ్మా, ఎవరెవరి నంబర్లో వచ్చి పడుతున్నాయి, వైరస్ ఏమో, చూసినప్పుడల్లా తీసేస్తున్నా అంటున్నాడు. ఇక్కడ షాపులో చూపిస్తే సాఫ్ట్‌వేర్ పోయింది, ఎనిమిది వందలవుతుంది, ఫోన్లో ఉన్నదంతా పోతుంది అన్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు ఆ ఎనిమిది వందలు బీరువాలో పెట్టేయండమ్మా. మీ ఫోన్‌కి ఏమీ కాలేదు, మీ అబ్బాయి ఫోన్‌కి వైరస్సూ పట్టలేదు. మీరు రాసిన నాలుగు ముక్కల్లోనే దొంగ దొరికిపోయాడు, ఆ దొంగ మీ అబ్బాయే, పాపం వాడికీ తెలీదు.

జరుగుతున్నది ఇది. ఫోన్ మీకిచ్చేటప్పుడు వాడు తన జీమెయిల్ అకౌంట్ అందులోంచి తీయలేదు. మీరు కొత్త నంబరు ఎక్కించినప్పుడల్లా అది వాడి గూగుల్ అకౌంట్‌లోకి వెళ్తోంది, అక్కడి నుంచి వాడి కొత్త ఫోన్‌లోకి దిగుతోంది. వాడు చూసి, ఇదెవరబ్బా 'పట్టు బ్లౌజ్ సరూర్‌నగర్', 'ఫాల్ పీకో ఆంటీ' ఎవరు, అని తీసేస్తున్నాడు. అక్కడ తీసేస్తే ఇక్కడ మీ ఫోన్లోనూ పోతుంది, ఎందుకంటే రెండు ఫోన్లూ చూసేది ఒకే పుస్తకాన్ని. కిరాణా కొట్లో మీ ఖాతా అనుకుని పక్కింటివాళ్ల ఖాతాలో రాయిస్తే ఏమవుతుంది, వాళ్లు ఇది మాది కాదని కొట్టేయిస్తారు కదా, అంతే. రెండు మూడు రోజులు ఎందుకు పడుతోందంటారా, వాడు తన కాంటాక్ట్స్ తెరిచి చూసుకునేదాకా మీ నంబర్లకు ఆయుష్షు ఉంటోంది.

నమ్మకం కుదరకపోతే ఒక్క పని చేయండి. మీ ఫోన్లో కాంటాక్ట్స్ తెరిచి కిందిదాకా తోసుకుంటూ వెళ్లండి. మీకు ముఖపరిచయం కూడా లేని పేర్లు, వాడి ఫ్రెండ్స్, ఆఫీసు వాళ్లు, క్రికెట్ టీమ్ వాళ్లు కనిపిస్తున్నారా? కనిపిస్తే ఇక వేరే రుజువు అక్కర్లేదు.

మంచి సంగతేమిటంటే పోయిన నంబర్లు చాలావరకు వెనక్కి వస్తాయి. గూగుల్ కాంటాక్ట్స్‌లో తీసేసినవి వెంటనే చచ్చిపోవు, బిన్ అనే చెత్తబుట్టలో 30 రోజులు ఉంటాయి, ఆ తర్వాతే నిజంగా పోతాయి. అందుకే ఈ సమాధానం చదివిన రోజే మీ అబ్బాయికి ఫోన్ చేసి రెండు మాటలు చెప్పండి. ఒకటి, ఇకనుంచి ఒక్క నంబరు కూడా తీయొద్దని. రెండు, వాడి గూగుల్ కాంటాక్ట్స్ యాప్‌లో ఆర్గనైజ్ అనే చోటికి వెళ్లి, కొన్ని ఫోన్లలో ఇదే ఫిక్స్ అండ్ మేనేజ్ అని ఉంటుంది, బిన్ తెరిచి అందులో ఉన్న మీ కస్టమర్లందరినీ రీస్టోర్ కొట్టమని. నెల దాటిన వాటికి మాత్రం ఈ దారి లేదు. వాటిని మీ కాల్ లిస్టులో, వాట్సాప్ చాట్లలో వెతుక్కోవాల్సిందే. చాట్ ఉంటే పేరు పోయినా నంబరు ఉంటుంది, పంపిన బ్లౌజ్ డిజైన్ ఫొటో చూస్తే ఎవరిదో మీకే గుర్తొస్తుంది.

తర్వాతి పని ఆదివారం వాడు ఇంటికొచ్చినప్పుడు పెట్టుకోండి, పక్కన కూర్చోబెట్టుకుని చేయించండి. ఇక్కడ వరస ముఖ్యం, తొందరపడి ముందు వాడి అకౌంట్ తీసేస్తే దాంతోపాటు మీ కస్టమర్ల నంబర్లు కూడా మీ ఫోన్లోంచి లేచిపోతాయి. ముందుగా మీ పేరు మీద ఒక జీమెయిల్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఒకటి తెరవండి, దాని పాస్‌వర్డ్ మీ కొలతల పుస్తకం వెనక అట్ట మీద కాకుండా ఇంట్లో ఇంకెక్కడైనా రాసి పెట్టుకోండి. ఆ అకౌంట్‌ని ఫోన్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్ దగ్గర చేర్చండి. ఇప్పుడు ఫోన్లో రెండు పుస్తకాలున్నాయి, వాడిదీ మీదీ.

ఇక మీవి మీ పుస్తకంలోకి మార్చాలి. ఒక కస్టమర్ పేరు తెరిచి పైన మూడు చుక్కలు నొక్కితే 'మూవ్ టు అనదర్ అకౌంట్' అని వస్తుంది, అందులో మీ మెయిల్ ఎంచుకుంటే వాడి దగ్గర పోయి మీ దగ్గరికి వస్తుంది. పదో ఇరవయ్యో అయితే ఇలా ఒక్కొక్కటి మార్చేయొచ్చు. యాభై అరవై ఉంటే చేతులు నొప్పెడతాయి, కాబట్టి ఒక పేరు మీద వేలు కాసేపు ఆనించి, మిగతావి కూడా టిక్ పెట్టుకుంటూ పోయి, షేర్ కొట్టి వీసీఎఫ్ ఫైలుగా, అంటే నంబర్లన్నీ ఒక్క మూటగా కట్టి, మీ మెయిల్‌కే పంపుకోండి. ఆ ఫైలు నొక్కగానే ఏ అకౌంట్‌లో దించమంటారు అని అడుగుతుంది, మీ మెయిల్ చూపించండి. మీ పుస్తకంలో అన్నీ కనిపిస్తున్నాయని రెండుసార్లు చూసుకున్నాకే వాడి అకౌంట్‌ని మీ ఫోన్ నుంచి తీయించండి. ఇలా తీసినంత మాత్రాన వాడి అకౌంటేమీ మూతపడదు, వాడి ఫోన్లో వాడివన్నీ అలాగే ఉంటాయి.

ఈలోపు, అంటే ఆదివారం దాకా వచ్చే కస్టమర్ల సంగతి చెబుతాను. కొత్త నంబరు ఎక్కించే పేజీలో పేరు రాసే గడికి పైన సన్నటి అక్షరాల్లో ఒక మెయిల్ ఐడీ ఉంటుంది, పక్కన చిన్న బాణం గుర్తు. ఫోన్లు కొన్నవాళ్లలో చాలామందిమి, నేను కూడా, ఆ లైను వైపు కన్నెత్తి చూడం, నేరుగా పేరు గడిలోకి వెళ్లిపోతాం. అసలు కథంతా ఆ లైనులోనే ఉంది. అక్కడ మీ అబ్బాయి మెయిల్ ఉంటే బాణం నొక్కి మార్చండి. మీ మెయిల్, ఫోన్ లేదా డివైస్, సిమ్ అని ఆప్షన్లు వస్తాయి. ప్రస్తుతానికి డివైస్ పెట్టుకోండి, మీ అకౌంట్ తెరిచాక ఇక ఎప్పుడూ మీ మెయిలే. ప్రతిసారీ మార్చే పని లేకుండా కాంటాక్ట్స్ సెట్టింగ్స్‌లో 'డిఫాల్ట్ అకౌంట్ ఫర్ న్యూ కాంటాక్ట్స్' అని ఉంటుంది, అక్కడ ఒకసారి పెట్టేస్తే చాలు. ఫోన్ కంపెనీని బట్టి మాటలు అటూ ఇటూ మారతాయి, ఐఫోన్ వాళ్లకు కూడా సెట్టింగ్స్‌లో కాంటాక్ట్స్ దగ్గర డిఫాల్ట్ అకౌంట్ అనే ఉంటుంది, ఒకటి కంటే ఎక్కువ అకౌంట్లు ఉంటేనే కనిపిస్తుంది.

డివైస్‌లోనే వదిలేస్తే ఏమవుతుంది అని అడుగుతారేమో. ఆటోలో ఫోన్ మర్చిపోయిన రోజున ఏమవుతుందో అదే అవుతుంది. ఫోన్‌తోపాటు నంబర్లూ పోతాయి.

సిమ్ సంగతి ఇంకా ఘోరం, దీని గురించి నాకు కాస్త కడుపుమంట ఉంది కాబట్టి ఎక్కువ రాస్తాను, భరించండి. మామూలుగా ఒక సిమ్‌లో 250 నంబర్ల దాకా పడతాయి, ఆపైన ఎక్కించబోతే మెమరీ ఫుల్ అంటుంది. ఒక్కో పేరుకి ఒక్కో నంబరు, ఫొటో లేదు, అడ్రస్ లేదు, పేరు పొడవైతే మధ్యలో తెగిపోతుంది. తెలుగులో రాస్తే ఇంకా త్వరగా తెగుతుంది. శ్రీలక్ష్మి అని రాశారనుకోండి, మన కంటికి మూడే అక్షరాలు. యంత్రం మాత్రం శకారం, పొల్లు, రకారం, దీర్ఘం అంటూ విడివిడిగా లెక్కపెట్టి పదకొండు అంటుంది. ఇంగ్లిష్‌లో రాస్తే పట్టేది తెలుగులో రాస్తే పట్టకపోవడానికి కారణం ఇదే. ఫోన్‌లోనో గూగుల్‌లోనో దాచుకుంటే ఈ ఇరుకు లేదు, హాయిగా తెలుగులో రాసుకోవచ్చు.

కొన్నేళ్ల క్రితం నేను పెద్ద సిమ్ తీసేసి చిన్న సిమ్ తీసుకోవడానికి ఒక కంపెనీ షాపుకి వెళ్లాను. కౌంటర్ దగ్గర అబ్బాయి పాత సిమ్ తీసుకుని, కొత్తది చేతిలో పెట్టి, పాతదాన్ని కత్తెరతో రెండు ముక్కలు చేసి డబ్బాలో వేశాడు. నా నంబరు కొత్త సిమ్‌లోకి వస్తుంది కాబట్టి నంబర్లు కూడా వస్తాయనుకున్నాను. రాలేదు, అవి ఆ కత్తిరించిన ముక్కలోనే ఉన్నాయి. మా మేనమామ ల్యాండ్‌లైన్, చిక్కడపల్లిలో పాత ఇంటి ఓనరు నంబరు, అన్నీ ఆ డబ్బాలోకి పోయాయి. అతన్ని అనడానికీ లేదు, అడగని తప్పు నాదే. మీ పాత నంబర్లు సిమ్‌లో ఉన్నాయన్నారు కదా, అవి కూడా ఆ ఆదివారమే కాంటాక్ట్స్ సెట్టింగ్స్‌లో ఇంపోర్ట్ కొట్టి, సిమ్ కార్డ్ ఎంచుకుని మీ మెయిల్‌లోకి దించేయండి. రేపు సిమ్ పాడైనా, 5జీ అని ఇంకోటి మార్చుకున్నా టెన్షన్ ఉండదు.

ఇదే కాలమ్‌కి ఇలాంటి ప్రశ్నలు ఇంకొందరు కూడా పంపారు, వాళ్ల కోసం మిగతా కారణాలు గబగబా. మాదాపూర్, గచ్చిబౌలి వాళ్లయితే ఆ సన్న లైనులో ఆఫీసు మెయిల్ ఉందేమో చూసుకోండి. ఉద్యోగం మారిన రోజు ఆ అకౌంట్ కంపెనీ మూసేస్తుంది, మీ పిల్లల డాక్టర్ నంబరు, గ్యాస్ ఏజెన్సీ నంబరు కూడా కంపెనీతోనే ఉండిపోతాయి. సేవ్ కొట్టినా అసలు పేరే రాకపోతే ఫోన్ మెమరీ నిండిందేమో చూడండి, గుడ్ మార్నింగ్ పువ్వులు, పెళ్లి వీడియోలు నాలుగు తీసేస్తే చోటు దొరుకుతుంది. పేరు సేవ్ అయి లిస్టులో మాత్రమే కనబడకపోతే కాంటాక్ట్స్‌లో ఏ అకౌంట్‌వి చూపించాలి అనే ఫిల్టర్ ఉంటుంది, అక్కడ ఒక్క అకౌంటే టిక్ అయి ఉండొచ్చు, అన్నీ చూపించమనండి. ఒక ఫోన్లో ఉండి ఇంకో ఫోన్లోకి రాకపోతే సింక్, అంటే ఫోన్ తన నంబర్లను గూగుల్‌తో సరిచూసుకునే పని, ఆగి ఉంటుంది, బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉన్నప్పుడు కూడా ఇది వెనకబడుతుంది.

వాట్సాప్‌తో ఈ మధ్య కొత్త తికమక ఒకటి. 2024 చివర్లో వాట్సాప్ నంబర్లను తనలోనే దాచుకునే వసతి ప్రకటించింది. అందులోంచి ఎవరినైనా సేవ్ చేసేటప్పుడు ఫోన్‌లోకి కూడా పంపాలా అనే బటన్ ఆఫ్‌లో ఉంటే, ఆ పేరు వాట్సాప్‌లో చక్కగా కనిపిస్తుంది, మామూలు కాల్ చేద్దామని డయలర్‌లో వెతికితే ఉండదు. ట్రూకాలర్ ఉన్నవాళ్లది ఇంకో రకం. ఫోన్ మోగినప్పుడు పేరు వస్తుంది కాబట్టి సేవ్ అయే ఉందనుకుంటారు. ఆ పేరు ట్రూకాలర్ తన లిస్టులోంచి చూపిస్తున్నది, మీరు రాసుకున్నది కాదు.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతాను. యూట్యూబ్‌లో చూసి సెట్టింగ్స్‌లో యాప్స్ దగ్గరికి వెళ్లి, కాంటాక్ట్స్ స్టోరేజ్ అనే దానిలో 'క్లియర్ డేటా' నొక్కొద్దు. క్యాష్, అంటే యాప్ తాత్కాలికంగా దాచుకున్న సరుకు, క్లియర్ చేస్తే నష్టం లేదు. డేటా క్లియర్ చేస్తే ఫోన్‌లో మాత్రమే ఉన్న నంబర్లన్నీ ఊడ్చుకుపోతాయి, అవి ఏ బిన్‌లోనూ ఉండవు. గూగుల్‌లో ఉన్నవి మళ్లీ దిగుతాయనుకోండి, కానీ ఏవి ఎక్కడున్నాయో తెలియనప్పుడు ఆ సాహసం ఎందుకు.

మళ్లీ మీ దగ్గరికొస్తాను, మీ పనికి పనికొచ్చేవి రెండున్నాయి. మీ కస్టమర్లలో అమెరికాలో ఉండి ఇక్కడ అమ్మ ద్వారా బ్లౌజులు కుట్టించుకునేవాళ్లు ఉండే ఉంటారు, దిల్‌సుఖ్‌నగర్‌లో లేకుండా ఎలా ఉంటారు. వాళ్ల నంబరు కూడా మనలాగే 10 అంకెలే. ముందు +1 లేకుండా ఎక్కిస్తే ఫోన్ దాన్ని మన దేశం నంబరే అనుకుంటుంది, వాట్సాప్‌లో ఆ మనిషి కనబడరు, లేదా ఇంకెవరో ముక్కూమొహం తెలియనివాళ్లు కనబడతారు, మీరేమో వాళ్లకి పెళ్లి బ్లౌజు ఫొటో పంపిస్తారు. అందుకని అమెరికా వాళ్లకు +1, మనవాళ్లకు +91 పెట్టి ఎక్కించడం అలవాటు చేసుకోండి. ప్లస్ ఎక్కడుందని వెతుక్కోవద్దు, సున్నా మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే వస్తుంది.

రెండోది, పేజీలో కిందికి వెళ్తే నోట్స్ అనే గడి ఉంటుంది, కొన్ని ఫోన్లలో 'మోర్ ఫీల్డ్స్' నొక్కితేనే బయటికొస్తుంది. అందులో కొలతలు రాసుకోండి. ఛాతీ 36, నడుం 32, చెయ్యి పొడవు 10, వెనక మెడ లోతు 9, డోరీ కావాలి, లైనింగ్ కాటన్ అని. ఆవిడ ఫోన్ చేసి పోయినసారి కొలతలకే కుట్టేయండి అన్నప్పుడు పుస్తకం వెతకనక్కర్లేదు. పేర్లకి కూడా ఒక పద్ధతి పెట్టుకోండి. లక్ష్మి గారు అని ఐదుగురుంటే పండగల సీజన్లో ఎవరి చీర ఎవరికి చెబుతున్నారో మీకే తెలియదు. 'లక్ష్మి చైతన్యపురి', 'లక్ష్మి కొత్తపేట టీచర్' అని వెనక ఏరియా తగిలించండి. తెలుగులో రాస్తే అన్నీ తెలుగులోనే, ఇంగ్లిష్‌లో అయితే అన్నీ ఇంగ్లిష్‌లోనే, కలగాపులగం చేస్తే వెతికేటప్పుడు సగం మంది దొరకరు.

షాపు గురించి కూడా ఒక మాట. కోఠిలోనో, అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లోనో చూపిద్దామా అని మీకు అనిపించి ఉంటుంది. అక్కడ స్క్రీన్ పగిలినా, చార్జింగ్ పిన్ పోయినా నిమిషాల్లో బాగుచేసే పనివాళ్లున్నారు, నాకు వాళ్లంటే గౌరవం. కానీ మీ ఫోన్లో బాగుచేయడానికి ఏమీ పాడవలేదు. ఫోన్ మొత్తం తుడిచేస్తే, వాడి అకౌంట్ తీయకుండా తుడిచారనుకోండి, మళ్లీ తెరిచేటప్పుడు పాత జీమెయిల్ పాస్‌వర్డ్ అడిగి తాళం వేసుకుని కూర్చుంటుంది, అప్పుడు నిజంగానే ఖర్చు. ఇంకా, ఎవరైనా ఫోన్ చేసి మేం కస్టమర్ కేర్, ఈ యాప్ వేసుకోండి, మీ స్క్రీన్ మాకు కనిపిస్తే ఇక్కడి నుంచే బాగుచేస్తాం అంటే పెట్టేయండి. పొరపాటున ఓటీపీ చెప్పి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

వాడి అకౌంట్ తీసేముందు వాడితో ఇంకో మాట కూడా అనండి, ఆ ఫోన్లో వాడి మెయిళ్లు, ఫొటోలు కూడా నాలుగు నెలలుగా మీ చేతిలోనే ఉన్నాయని. ఆదివారం కొంచెం పెందలాడే వస్తాడు.

అంతా అయ్యాక సరైందో లేదో చూడటానికి యాప్‌లేమీ అక్కర్లేదు. 'టెస్ట్ బ్లౌజ్' అని ఒక దొంగ పేరుతో మీ నంబరే ఎక్కించండి, వాడు కొండాపూర్ వెళ్లాక సాయంత్రం ఫోన్ చేసి, నీ దగ్గరికేమైనా కొత్త కస్టమర్ వచ్చిందా నాన్నా అని అడగండి. రాలేదంటే మీ పుస్తకం మీకొచ్చినట్టే.